కంటి అడుగున కుట్టు

మా ఇంటి వంటగది గుమ్మం కొంచెం పొట్టిది. ఇల్లు మా నాన్నగారు కట్టించినది. లోపలికి వచ్చేవాడు ఎంతటివాడైనా తల వంచుకొని రావాలని ఆ రోజుల్లో గుమ్మాలు అలా పెట్టేవారు. ఇంట్లో అందరూ తల వంచుకొనే వెడతారు. నేనొక్కణ్ణే యాభై ఏళ్ళబట్టి దానికి తల కొట్టుకొంటున్నాను. "కళ్ళు నెత్తికెక్కినవాళ్ళకు గుమ్మం ఎలా కనబడుతుంది లెండి!" అని నా భార్య వేళాకోళం చేస్తూంటుంది. ఈ గుమ్మం గొడవ ముందుగా ఎందుకెత్తానో చివరికి మీకే తెలుస్తుంది.

2023 మార్చిలో మా మనవడు పుట్టాడు. అబ్బాయి, కోడలు ఉండేది హైదరాబాదులో. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళి, మూడో నెల రాగానే పిల్లవాణ్ణి తీసుకొని రాజమండ్రి మా ఇంటికి వచ్చింది. చూడడానికి మా అక్కయ్య కూడా వచ్చింది. మా ఇంట్లో పెద్దదిక్కు ఆవిడే. పొద్దుటి ఎండ పడుతున్న వీధి అరుగు మీద కూర్చుని, పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకొని నలుగు పెడుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒరేయ్, ఇలా రా. వీడి కుడికన్ను చూడు" అన్నది.

చూశాను. ఎడమ కంటిపాప మిరియపు గింజలాగా గుండ్రంగా ఉన్నది. కుడి కంటిపాప మాత్రం పైన గుండ్రంగానే ఉండి, కింది వైపుకు సన్నగా జారినట్లున్నది. పాతకాలపు తలుపులకు తాళంచెవి దూర్చే బెజ్జం ఉంటుందే, అచ్చం అలాగ!

"గ్రహణం పట్టిందిరా వీడి కంటికి!" అన్నది అక్కయ్య. "దీపావళి మర్నాడు సూర్యగ్రహణం వచ్చింది గదా. అప్పటికి దీనికి ఐదో నెల. బయటికి వచ్చి ఉంటుంది."

కోడలి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఆ పిల్ల అబద్ధమాడే రకం కాదు. 2022 అక్టోబరు 25 సాయంత్రం, గ్రహణం పట్టి ఉండగానే, ఆరేసిన బట్టలు తియ్యడానికి మేడమీదికి వెళ్ళిన మాట నిజమేనని ఒప్పుకొన్నది. అంతే! ఆనాటినుంచి ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు గాని, ఎవరూ అనకపోవడమే పెద్ద శిక్ష అయింది. ఒకనాటి రాత్రి మంచినీళ్ళకోసం లేచి చూస్తే, ఉయ్యాల పక్కన కూర్చుని చప్పుడు కాకుండా ఏడుస్తున్నది. నేను చూసినట్లు తెలియనివ్వకుండా వెనక్కు వచ్చి పడుకొన్నాను. నిద్ర పట్టలేదు.

నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. కంటి శాస్త్రం నాకు తెలియదు. కాని ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని లెక్క కట్టడం తెలుసు. మర్నాడే అందరం పిల్లవాణ్ణి తీసుకొని కంటి ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరమ్మ చిన్న వయస్సుదే. పిల్లవాడి కళ్ళలో చుక్కల మందు వేసి, పాప విచ్చుకొన్న తర్వాత, నుదుటికి దీపం కట్టుకొని చాలాసేపు చూసింది. చివరికి, "దీన్ని కొలొబోమా అంటారు మాష్టారూ. ఇది ఎవరో చేసిన గాయం కాదు. కన్ను తయారయ్యేటప్పుడు మూతపడవలసిన చోట మూతపడలేదు, అంతే" అన్నది.

"ఎప్పుడు మూతపడాలమ్మా?" అని అడిగాను. నాకు కావలసింది ఆ తేదీయే. ఆవిడ చెప్పినదీ, ఆ తర్వాత నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకొన్నదీ కలిపి మీకు చెపుతాను. ఇంత వింత మన ముఖంలోనే జరిగిందని ఇన్నేళ్ళూ తెలియనందుకు నాకే సిగ్గు వేసింది.

మెదడు వేసిన మొగ్గ

కన్ను ముఖంలో పుట్టి మెదడుకు తీగె కలుపుకొన్నదని నేను అనుకొనేవాణ్ణి. అది తల్లకిందులు మాట. కంటి లోపలి తెర, అంటే రెటీనా, మెదడులోనుంచే మొగ్గలాగా బయటికి వస్తుంది. కంటి డాక్టరు దీపం వేసి పాపలోనుంచి చూసేది ఒక విధంగా మెదడు ముక్కనే నన్నమాట!

గర్భం నిలిచిన 22వ రోజుకు పిండం నువ్వుగింజకు మించదు. దాని వీపు వెంట కాలవలాగా ఒక పల్లం ఉంటుంది. ముందుముందు మెదడు, వెన్నుపాము అయ్యేది అదే. ఆ కాలవ పైన ఇంకా పూర్తిగా పూడుకోకముందే, తల వైపున అటొకటి ఇటొకటి రెండు చిన్న గుంటలు పడతాయి. అవే మన రెండు కళ్ళు.

అసలు మొదట కంటికి కేటాయించిన చోటు రెండు కాదు, నడిమధ్యన ఒకటే. కిందనుంచి వచ్చే ఒక రసాయనపు కబురు దాన్ని రెండుగా చీలుస్తుంది. ఆ కబురు అందకపోతే ఏమవుతుందో అమెరికాలో ఇడాహో గొర్రెల కాపరులు కళ్ళారా చూశారు. 1950 ప్రాంతాల్లో అక్కడి మందల్లో నుదుట ఒకే కన్నున్న గొర్రెపిల్లలు పుట్టసాగాయి. ఏళ్ళ తరబడి వెతకగా తేలినదేమిటంటే, కడుపుతో ఉన్న తల్లిగొర్రె సరిగ్గా 14వ రోజున ఒకరకం కొండమొక్కను మేస్తే పిల్ల ఒంటికన్నుతో పుడుతుంది. ఆ గడువు దాటిన తర్వాత అదే మొక్కను మేసినా ఒంటికన్ను రాదు. ఆ మొక్కలోని విషం ఆ కబురునే ఆపేస్తుంది. పిండంలో ప్రతి పనికీ ఒక ముహూర్తం ఉన్నదనీ, ఆ ముహూర్తం దాటితే మంచైనా చెడైనా ఆ పనిని అంటదనీ నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

మెదడు వేసిన మొగ్గ పెరుగుతూ వచ్చి పైచర్మాన్ని తాకుతుంది. తాకిన చోట చర్మం మందమై, లోపలికి మడతపడి, తెగి, కంటి కటకం అవుతుంది. 1901లో హాన్స్ స్పెమాన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు కప్ప పిండంలో ఆ మొగ్గను పాడుచేసి చూశాడు. అక్కడ కటకం రానేలేదు. తర్వాత మరి కొన్ని జాతుల కప్పల్లో మొగ్గ లేకున్నా కటకం రావడం చూసి, విషయం తాననుకొన్నంత సులువు కాదని తానే ఒప్పుకొన్నాడు. పిండంలో ఒక భాగం మరొక భాగాన్ని ఎలా నడిపిస్తుందో తేల్చినందుకు ఆయనకు 1935లో నోబెల్ బహుమానం వచ్చింది.

దొన్నె, దాని పుల్ల

ఇక అసలు సంగతి. గాలి తగ్గిన రబ్బరు బంతిని బొటనవేలితో నొక్కితే ఏమవుతుంది? గిన్నెలాగా లోపలికి పోయి, గోడ రెండు పొరలవుతుంది. కంటి మొగ్గ కూడా అలాగే గిన్నె అవుతుంది. లోపలి పొర చూపునిచ్చే రెటీనా. బయటి పొర దానికి వెనకనుండే నల్లరంగు పొర. రెండింటి మధ్య ఉన్న సందు పోయి పొరలు ఆనుకొంటాయి గాని, ఒకదాన్నొకటి గట్టిగా అతుక్కోవు. పెద్దయ్యాక కొందరికి రెటీనా ఊడిందని వింటూంటాం. అది ఊడేది ఆ పాత సందులోనే.

ఈ గిన్నె మన ఇత్తడి గిన్నెలా నిండుగా ఉండదు. అడుగు వైపున, ముక్కు వైపుకు కాస్త ఒరిగి, అంచునుంచి కాడదాకా ఒక చీలిక ఉంటుంది. పుల్ల గుచ్చని ఆకుదొన్నెను ఊహించుకోండి. పెరిగే కంటికి ఆహారం కావాలి గదా! రక్తనాళం లోపలికి పోయేది ఆ చీలికలోనుంచే. నాళం లోపలికి చేరాక చీలిక పెదవులు రెండూ దగ్గరకు వచ్చి, ఐదో వారంలో నడిమధ్య మొదట అతుక్కొని, అక్కడినుంచి ముందుకూ వెనక్కూ జిప్పు లాగినట్లు మూసుకొంటూ పోతాయి. ఏడో వారం ముగిసేసరికి కుట్టు పూర్తి. మచ్చ కూడా మిగలదు.

ఆ కుట్టు ముందు భాగాన పడకపోతే కంటిపాప కిందికి జారి తాళంబెజ్జం అవుతుంది. వెనక భాగాన పడకపోతే రెటీనాకు అడుగున ఒక తెల్లటి ఖాళీ మిగులుతుంది. కాడదాకా పడకపోతే కంటినరం మొదలే దెబ్బ తింటుంది. మూడూ ఒకే లోపానికి మూడు మెట్లు.

ఇప్పుడు నా లెక్క వినండి. స్కానింగు కాగితాలనుబట్టి కోడలికి గర్భం నిలిచినది 2022 జూన్ నెల నడుమ. ఐదో వారం అంటే జూలై నడుమ. ఏడో వారం ముగిసేది ఆగస్టు మొదటి వారం. పంచాంగం తీసి చూశాను. ఆ కుట్టు పని ఆషాఢ బహుళంలో మొదలై శ్రావణ శుద్ధంలో ముగిసింది. గ్రహణం వచ్చినది ఆశ్వయుజ అమావాస్యనాడు. మధ్యన ఇంచుమించు 12 వారాలు! ఆ కుట్టు పడవలసిన రోజుల్లో ఆకాశంలో ఏ గ్రహణమూ లేదు. ఇడాహో గొర్రెపిల్లలకు వర్తించిన న్యాయమే మా మనవడికీ వర్తిస్తుంది. ముహూర్తం దాటిన తర్వాత వచ్చినది కారణం కానేరదు. మనం గ్రహణం మొర్రి అనే పెదవి చీలిక కూడా అంతే. పై పెదవి కలుసుకొనేది ఆరు, ఏడు వారాల్లోనే. చాలామంది తల్లులకు ఐదో నెల గ్రహణం జ్ఞాపకముంటుంది గాని, నెల తప్పిందో లేదో తేలని ఆ వారాలు ఎవరికి జ్ఞాపకం ఉంటాయి?

ఒక్కమాట మాత్రం నిజం. గ్రహణం కంటికి చెరుపు చేస్తుంది, దాన్ని తేరిపార చూసినవాడి కంటికి. ఆ వెలుగు రెటీనా నడుమ పడి కాలుస్తుంది. కడుపులోని బిడ్డ సూర్యుణ్ణి చూడడం లేదు గదా!

తెరమీద దిక్కులు

"అయితే మాష్టారూ, అడుగు భాగమే ఎందుకు చీలాలి అని అడగరేం?" అన్నది డాక్టరమ్మ, నా ఉత్సాహం చూసి. నిజమే. గిన్నెకు అడుగేదో పిండానికి ఎవరు చెప్పారు?

రెటీనాకు నాలుగు దిక్కులు ఉన్నాయి: పైన, కింద, ముక్కు వైపు, కణత వైపు. పై వైపునుంచి ఒక కబురు, కింది వైపునుంచి మరొక కబురు వస్తాయి. కిందినుంచి వచ్చేదాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. పిల్లలు ఆడుకొనే వీడియో ఆటలో కథానాయకుడి పేరు తెచ్చి పెట్టారు. ఒంటికన్నును రెండుగా చీల్చేదీ ఇదే. ఈ కబుర్లు అందిన కణాల్లో వేరువేరు జన్యువులు మేలుకొంటాయి. పై కణాల్లో టీబీఎక్స్ 5, కింది కణాల్లో వ్యాక్స్, ముక్కు వైపు ఫాక్స్ జీ 1, కణత వైపు ఫాక్స్ డీ 1. నాలుగు పేటల జనానికి నాలుగు రంగుల తలపాగాలు కట్టినట్లన్నమాట. వ్యాక్స్ జన్యువులు లేని ఎలుకపిల్లల్లో అడుగు చీలిక మూతపడక కొలొబోమా వస్తుంది. ఆ అడుగు తాను అడుగునని తెలుసుకొంటేనే కుట్టు పడేది!

దిక్కులు చీలిక కోసమే కాదు. ఒక్కొక్క కంటినుంచి మెదడుకు ఇంచుమించు 10 లక్షల నరపు పోగులు పోతాయి. ప్రతి పోగూ తాను ఏ పేటనుంచి వచ్చిందో తెలిసి, మెదడులో తన స్థానంలోనే దిగాలి. 1940 ప్రాంతాల్లో అమెరికాలో రోజర్ స్పెర్రీ కప్పల కంటినరం తెంచి, కంటిగుడ్డును తలకిందులుగా తిప్పి మళ్ళీ కూర్చోబెట్టాడు. నరం మళ్ళీ పెరిగి చూపు వచ్చింది. కాని పైన ఈగ కనబడితే కప్ప కిందికి ఎగిరేది, ముందు కనబడితే వెనక్కు తిరిగేది. బతికినన్నాళ్ళూ అంతే, నేర్చుకోనే లేదు. అంటే ప్రతి పోగూ తన పాత చిరునామాకే చేరింది. ఆ చిరునామాలు రాసే పదార్థాలుండాలని స్పెర్రీ 1963లో వాదించాడు. 1995లో అవి దొరికాయి. వాటికి ఎఫ్రిన్లు అని పేరు.

మరొక సంగతి. కటకం గుండా వచ్చే బొమ్మ తలకిందులుగా పడుతుంది గనుక, రెటీనా కింది భాగం చూసేది మన పైనున్న వస్తువులను. పై భాగం చూసేది నేలను. ఈ వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి.

చూపుకు నడిబొడ్డు

"వీడికి చూపుంటుందామ్మా?" అని అప్పటిదాకా నోరు విప్పని నా కోడలు అడిగింది.

ఆ జవాబు కూడా రెటీనా భూగోళంలోనే ఉన్నది. నడుమ, కాస్త కణత వైపుకు, మాక్యులా అనే చిన్న చోటున్నది. చదవడానికీ, ముఖాలు గుర్తుపట్టడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ అదే ఆధారం. రెటీనాలో మసక వెలుతురుకు పనికివచ్చే కణాలు సుమారు 12 కోట్లు. రంగులనూ వివరాన్నీ పట్టే శంకు కణాలు 60 లక్షలే. మాక్యులా నట్టనడుమ మసక వెలుతురు కణాలకు చోటే లేదు, అంతా శంకు కణాలే. ఆ చోటు మూడో నెలకే ఏర్పడిపోతుంది. ఆరో నెల ప్రాంతంలో అక్కడ సన్నని గుంట పడడం మొదలవుతుంది. బిడ్డ పుట్టిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆ పని సాగుతూనే ఉంటుంది. అందుకే పసివాడికి తల్లి ముఖం వెంటనే తేటగా కనబడదు.

అక్కడే ఎందుకు ఏర్పడుతుంది? 2017లో సుసానా డ సిల్వా, కాన్‌స్టన్స్ సెప్కో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోడిపిల్ల పిండాల్లో దీని గుట్టు కొంత విప్పారు. 'ఎ' విటమిన్‌నుంచి పుట్టే ఒక ఆమ్లం పెరిగే కన్నంతటా పనిచేస్తూ ఉంటుంది. సూక్ష్మమైన చూపు రావలసిన చోట మాత్రం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేసే పదార్థాలు తయారై, ఆ చోటును దానినుంచి కాపాడుతాయి. మనిషి పిండంలోని రెటీనాలోనూ ఆ జాడలే కనబడ్డాయి. 'ఎ' విటమిన్ లేకపోయినా కష్టమే. 1933లో టెక్సాసులో ఫ్రెడ్ హేల్ ఆ విటమిన్ లేని మేత పెట్టిన పందికి పుట్టిన పిల్లలన్నిటికీ కనుగుడ్లే లేవు. అలాగని ఎక్కువైనా ముప్పే. కనుక కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పనిదే 'ఎ' విటమిన్ మాత్రలు మింగరాదు. ఆకుకూరలు, గుమ్మడికాయ నిక్షేపంగా తినవచ్చు.

"చీలిక మిగిలినది అడుగున. మాక్యులా దానికి పైన, పక్కగా ఉన్నది. మీ వాడి ఖాళీ అంతదూరం పాకలేదు. కంటినరానికీ తగల్లేదు" అని డాక్టరమ్మ కోడలితో అన్నది. "అద్దాలు కావలసి రావచ్చు. ఖాళీ అంచున రెటీనా ఊడే భయం ఉంటుంది గనుక తప్పకుండా చూపిస్తూ ఉండాలి. ఎండలో ఆ పాప సరిగా ముడుచుకోదు, జాగ్రత్త. చదువుకూ ఆటకూ లోటు ఉండదమ్మా."

కోడలు కొంగుతో ముఖం కప్పుకొన్నది. ఈసారి ఏడుపు వేరు.

గుమ్మం సంగతి

"ఒక్క పని మిగిలింది. ఇంట్లోవాళ్ళ కళ్ళు కూడా చూడాలి. ఇది కొన్ని కుటుంబాల్లో జన్యువులతో వస్తుంది. ఒకరిలో పెద్దగా, ఒకరిలో పైకి తెలియనంత చిన్నగా ఉంటుంది. చాలాసార్లు కారణం తేలదు కూడా" అన్నది డాక్టరమ్మ.

కోడలి కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అబ్బాయి కుడికంట్లో, అడుగున, చిన్న తెల్లటి మచ్చ ఉన్నది. తర్వాత నా వంతు. డాక్టరమ్మ ఒక కన్ను చూసి, రెండో కన్ను చూసి, మళ్ళీ మొదటిది చూసింది.

"మాష్టారూ, మీకు పైనున్న వస్తువులు తొందరగా కనబడవా?"

నా వెనక కూర్చున్న నా భార్య పకపకా నవ్వింది!

గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించి, అక్కడక్కడ చుక్కల దీపాలు వేసి, కనబడితే మీట నొక్కమన్నారు. పై వరసలో కొన్ని దీపాలు నేను చూడనే లేదట. రెండు కళ్ళ అడుగునా, నా తల్లి కడుపులో ఏడో వారానికి ముగియవలసిన కుట్టు కొంచెం మిగిలిపోయింది. పాప గుండ్రంగానే ఉన్నది గనుక ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. "గుమ్మం దెబ్బలన్నీ దీనివల్లనేనని మాత్రం నేను రాసివ్వలేను" అని డాక్టరమ్మ నవ్వింది. ఆ మాట ఒప్పుకొన్నాను. పరధ్యానానికి నా వాటా నేను తీసుకోవలసిందే.

ఆ సాయంత్రం అక్కయ్య ముందు పంచాంగం, స్కానింగు కాగితం పక్కపక్కన పెట్టి లెక్క చెప్పాను. ఒకప్పుడు నాకు ఎక్కాలు నేర్పినది ఆవిడే. తిథులు వేళ్ళమీద తానే మళ్ళీ లెక్కపెట్టుకొన్నది.

"అయితే ఎక్కణ్ణించి వచ్చిందిరా?" అన్నది చివరికి.

"మన ఇంటినుంచే, అక్కయ్యా. నాన్నగారి నుంచో అమ్మనుంచో నాకు, నానుంచి అబ్బాయికి, వాడినుంచి వీడికి."

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. పొరపాటయిందని చెప్పడం ఆవిడకు అలవాటు లేదు. నేనూ అడగలేదు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, "అమ్మాయ్, ఎండలో వీడి కన్ను ముడుచుకోదన్నారుట గదా" అని మాత్రం కోడలితో అన్నది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి, అద్దాలు ముక్కుమీదికి దించుకొని, తన పాత పట్టుచీర చెంగు ముక్కతో పిల్లవాడికి టోపీ కుడుతున్నది. ముందువైపు నీడ పడేలా వెడల్పాటి అంచు పెట్టింది. అంచు చుట్టూ రెండు వరసల కుట్టు, ఎక్కడా సందు లేకుండా.